నాందేడు సీమలో బీడు భూములు, శిస్తు మాఫీలు

గోదావరి యొడ్డున నున్న నాందేడు నగరము ఒకానొక కాలమున తెలంగాణమను పేరుగల మొగలు సుబాకు ముఖ్యపట్టణముగా నుండెను. 1636లో షాజహాను చక్రవర్తి దక్కను పాలనను కుమారుడైన ఔరంగజేబున కప్పగించినపుడు ఆ దేశమును నాలుగు సుబాలుగా లెక్కించిరి. అందు తెలంగాణ సుబాకు నాందేడు రాజధాని, కంధారు దుర్గము. మూడువందల ఇరువది సంవత్సరముల పిమ్మట, 1956 నవంబరు 1వ తేదీన ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి బొంబాయి రాష్ట్రమునకు మారినపుడు, ముథోలు, భైంసా, కుభీరు సర్కిళ్లు ఆదిలాబాదునకును, బిచ్కుంద, జుక్కలు సర్కిళ్లు నిజామాబాదునకును వచ్చినవి. ఆదిలాబాదులోని కిన్వటు తాలూకాయు, ఇస్లాపూరు సర్కిలును నాందేడులో చేరినవి. ఎల్లలు మారినను దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వటు ప్రాంతముల పల్లెలలో తెలుగు నేటికిని ఇంటి భాషగా నిలిచియున్నది. ఆ పల్లెల చరిత్రలో రాజుల కథలు కొంతవరకు వ్రాయబడినవి. కాని నాగలి తాకని నేల కథ, దానిపై సర్కారు విధించిన శిస్తు కథ, విధింపక విడిచిన మాఫీల కథ వ్రాసినవారు తక్కువ. నా యుద్దేశమున పల్లెల బ్రతుకునకు ఆ కథయే ముఖ్యతరము.

ఈ సీమ యంతయు నల్లరేగడి యని బయటివా రనుకొందురు గాని అది సగము నిజము మాత్రమే. గోదావరి, మంజీర, మన్యాడు, లెండి నదుల వెంట లోతైన రేగడి కలదు. పత్తికిని జొన్నకును ఆ నేల పేరుపొందినది. దక్షిణమున కంధారు వైపు బాలాఘాటు గుట్టలును, ఉత్తరమున కిన్వటు, మాహూరు వైపు నిర్మల వరుస కొండలును, పైనగంగ లోయ యడవులును నున్నవి. గుట్టల వాలులందు జానెడు లోతు మన్ను, దాని క్రింద రాయి. ఆ మిట్టలను మరాఠీవారు మాళమందురు. వాన పడిన కొలదిదినములకే అచట గడ్డి మోకాలెత్తు పెరుగును. దున్నినచో రెండు మూడు పంటలకు మన్ను కొట్టుకొనిపోయి రాయి బయటపడును. అట్టి నేలను దున్నక విడుచుటలో సోమరితనము లేదు, తరతరముల వ్యవసాయ జ్ఞాన మున్నది. కంధారు తాలూకాలో పుట్టి దేశమంతట పేరొందిన లాల్ కంధారీ యెద్దులు ఆ గడ్డి తిని పెరిగినవే. లోహా తాలూకాలోని మాళేగావున ఖండోబా దేవుని యాత్రలో మార్గశిర మాసమున సాగు పశువుల సంత, గుఱ్ఱముల సంత ఈ గడ్డి సంపద నాశ్రయించి పుట్టినవే యని నేను తలంతును; పశువు లేని చోట పశువుల సంత వెలయదు, గడ్డి లేని చోట పశువు నిలువదు.

ఈ బీడునకును ప్రభుత్వపు శిస్తునకును గల సంబంధము అక్బరు నాటినుండియు వ్రాతలో కానవచ్చుచున్నది. తోడరుమల్లు ఏర్పరచిన పద్ధతిలో భూమి నాలుగు విధములు: ఏటేట పండునది పోలజు, ఒకటి రెండేండ్లు విశ్రాంతికై విడిచినది పరౌతీ, మూడు నాలుగేండ్లు పడియున్నది చాచరు, అయిదేండ్లకు మించి సాగు లేనిది బంజరు. చాచరు, బంజరు భూములను తిరిగి సాగునకు తెచ్చిన రైతునకు మొదటి యేట స్వల్పముగను, ఏటేట కొంచెము హెచ్చుగను విధించి, కొన్ని యేండ్లకు గాని పూర్తి శిస్తు పుచ్చుకొనకుండిరి. 1630-32 మధ్య దక్కనును పీల్చిపిప్పిచేసిన మహాక్షామము తరువాత, యుద్ధములచే పల్లెలు పాడుపడియుండగా, ఔరంగజేబు రెండవమారు దక్కను సుబేదారుగా వచ్చిన 1650-60 దశాబ్దమున దివానుగా నుండిన ముర్షిద్ కులీఖాను ఈ పద్ధతిని ఇచట ప్రవేశపెట్టెను. పారిపోయిన రైతులను పిలిపించి, ఎద్దులకును విత్తనములకును తక్కావీ ఋణము లిచ్చి, భూమిని కొలిపించి, ఆతడు చేసిన మేలును కాదనలేము. మరాఠా దేశమునను ఇదే రీతిగా ఇస్తావా కౌలు లిచ్చుచుండిరి: అనగా మెట్టుమెట్టుగా హెచ్చు శిస్తునకు ఒడంబడిక. ఆకలిగొన్న దేశమున నాగలిని పిలుచుట ధర్మమే. కాని పాఠకులు ఒక్కటి గమనింపవలెను. భూమి విషయమున సర్కారు చూపిన మొదటి దయ దున్నువానికి గలిగినది; దున్నక కాపాడువానికి అట్టి కౌలు ఏ దివానమునందును పుట్టలేదు.

అయినను బీడు భూములు బ్రదికినవి. ఎట్లు బ్రదికిన వనగా, శిస్తు లెక్కలో మూడు నాలుగు చోట్ల దొరకిన రక్షణముచేత. ఊరి పశువులు మేయుటకై విడిచిన గైరాను శిస్తునకు వెలుపల నుండెను. గుఱ్ఱములకును పశువులకును గడ్డి పెంచుటకై కోతవరకు కాపలా పెట్టి కాచిన కురణములు గలవు. దేవునికో, దర్గాకో, మఠమునకో ఇచ్చిన ఇనాములలో సాగుభూమితోపాటు గుట్టయు, చెట్టును చేరియుండుటయు, ఆ చెట్టుపై గొడ్డలి వేయుటకు జనులు వెఱచుటయు గలదు. తెలంగాణ పల్లెలలో బంచరాయి యనియు, కంచ యనియు, శిఖమనియు మన పెద్దలు చెప్పుకొన్న భూములు ఇట్టివే. వీనిలో ఏ యొక్కటియు ‘బీడును బీడుగా నుంచినందుకు బహుమానము’ అను భావముతో ఇచ్చినది కాదు. పశువు కొరకు ఒకటి, దేవుని కొరకు ఒకటి, రాజు గుఱ్ఱము కొరకు ఒకటి విడువబడినవి. గడ్డియు, పక్షియు, వాననీరును వాని నీడను బ్రదికినవి. ఈ సంగతి ముందు చెప్పబోవుదానికి మూలమగుటచే ఇచట నొక్కి వ్రాయవలసి వచ్చినది.

మొదటి సాలారుజంగు 1853లో దివాను పదవి స్వీకరించునప్పటికి హైదరాబాదు రాజ్యమున శిస్తు వసూలు గుత్తేదారుల చేతులలో చిక్కియుండెను. ఆతడు 1865లో జిలాబందీ చేసి జిల్లాలను, తాలూకాలను ఏర్పరచి, సర్కారు ఉద్యోగుల చేతనే శిస్తు వసూలు చేయించెను. ఆ తరువాత 1870-80 దశాబ్దమునుండి మరాఠ్వాడా జిల్లాలలో సర్వే, బందోబస్తు మొదలయ్యెను. ఆ సర్వేకు ఒరవడి బొంబాయి రాజధానిలో గోల్డ్‌స్మిడ్, వింగేటు అను దొరలు 1835 మొదలు ఇందాపురమున నారంభించి స్థిరపరచిన పద్ధతి. ఈ పద్ధతి స్వరూపమును కొంచెము విస్తరించి చెప్పుట అవసరము, ఏలయన నాందేడు బీడు భూముల భాగ్యమును గాని దౌర్భాగ్యమును గాని నిర్ణయించినది ఇదియే.

భూమిని సర్వే నంబరులుగా కోసి, ఒక్కొక్క నంబరునకు మన్ను లోతును, రంగును, గుణమును పరీక్షించి శిస్తు కట్టుదురు. ఆ శిస్తు నంబరు మొత్తముపై నిలిచినది. పట్టాదారు అంతయు సాగుచేసినను, సగము బీడు పెట్టినను, పూర్తిగ గడ్డికి విడిచినను చెల్లింపవలసిన మొత్తము ఒక్కటే. చెల్లింపలేనివాడు రాజీనామా వ్రాసియిచ్చి నంబరును సర్కారునకు విడువవచ్చును. పంట హెచ్చినపుడు శిస్తు హెచ్చదు గనుక కష్టజీవికి ఇది న్యాయమైన పద్ధతి; రైతు తన శ్రమఫలమును తానే యనుభవించునని వింగేటు ప్రభృతులు చెప్పిన మాట సత్యము. కాని అదే శిస్తు గడ్డికి విడిచిన ఎకరముపై దండుగగా పరిణమించినది. పండించినను పండింపకున్నను ఒకే పన్ను కట్టవలసినవాడు పండింపక యేల యుండును? నలుగురు కొడుకులకు పంపకమైన నంబరులో మిట్టవైపు ముక్క వచ్చినవాడు సయితము, మన్ను పోవునని ఎరిగియు, శిస్తు కొఱకు నాగలి పూనెను.

ఆ పద్ధతిలోనే మాఫీ యొకటి కలదు. దానిని పోట్ ఖరాబు అందురు. నేటి మహారాష్ట్రలో సాత్‌బారా ఉతారా అను భూమి దస్తావేజులోను, తెలంగాణ పహాణీలోను ఈ మాట నిలిచియున్నది. నంబరు లోపల రాయి, వాగు, గుంట, కళ్లము మున్నగునవి ఆక్రమించిన భాగమును సాగునకు పనికిరానిదిగా నెంచి శిస్తు లెక్కనుండి తీసివేయుదురు. దీనిని మహారాష్ట్ర ప్రభుత్వపు 1968 నాటి నియమములు రెండు తరగతులుగా చెప్పినవి: దారి, ఊరివారు వాడుకొను చెరువు, శ్మశానము మొదలగు సార్వజనిక వినియోగమునకు సంబంధించిన భాగము ఒక తరగతి, దానిని దున్నరాదు, సర్వే నాటికి సేద్యమునకు తగని భాగము, రైతు కళ్లము వంటివి మరియొక తరగతి, దానిని పట్టాదారు ఎప్పుడైన దున్నుకొన్నను అదనపు శిస్తు విధింపరాదని ఆ నియమములే పలికినవి. దున్నని నేలకు పట్టాభూమిలో దొరకిన ఏకైక మాఫీ ఇది. అదియు దున్నకుండుటకు ప్రతిఫలము గాదు. దున్నినను పోనిది, దున్నకున్నను హెచ్చనిది. గుట్ట పాదమున వాగువెంట నున్న తుమ్మ, మోదుగు, పల్లేరు, కొండగడ్డి ఈ మాఫీ యున్నంత కాలమును పెరిగినవి. ట్రాక్టరు వచ్చిన నాడు ఆ మాఫీ వానిని రక్షింపలేకపోయెను.

సర్వేతోపాటు పత్తి వచ్చినది. అమెరికా అంతర్యుద్ధకాలమున బొంబాయి పత్తికి ధర పెరుగుటతో నల్లరేగడికి గిరాకి కలిగినది. 1900 ప్రాంతమున మన్మాడునుండి నాందేడు మీదుగా సికిందరాబాదు వరకు గోదావరి లోయ రైలుమార్గము పడినది. నగరమున ఉస్మాన్‌షాహీ మిల్లు వెలసినది. సరిగా ఆ రైలు పడు కాలముననే 1899-1900 నాటి క్షామము మరాఠ్వాడాను పట్టుకొనెను. పంట పోయిన యేట మిట్టగడ్డియు, ఇప్పపువ్వును, అడవి దుంపయు ప్రాణములు నిలుపును. మిట్టలు పత్తికి తరలిన కొలది ఆ నిలువ తరిగినది. క్షామము వర్షాభావముచేతనే కలుగునని వ్రాయువారు ఈ విషయమును లెక్కకు తెచ్చుకొనరు.

అడవి వైపున కథ వేరు. అచట సర్కారు దున్నువానినే కాదు, మేపువానిని సయితము పన్ను అడిగెను. అడవిలో పశువుల మేపునకు విధించిన పుల్లరి తెలుగువారికి క్రొత్త మాట కాదు. పలనాటిలో కన్నెగంటి హనుమంతు 1922లో ఆ పన్ను నెదిరించి ప్రాణము లర్పించెను. ఆదిలాబాదు అడవులలో గోండులును కోలాములును అడవిశాఖ బంధనములకును మేపుపన్నులకును గురియై, కుమ్రం భీము నాయకత్వమున తిరుగబడి, 1940లో జోడేఘాటున ఆతని కోల్పోయిరి. కిన్వటు అప్పటికి ఆదిలాబాదులోనిదే. ఆ పిమ్మట హైదరాబాదు ప్రభుత్వము హైమెండార్ఫు అను మానవశాస్త్రజ్ఞుని సలహాచే గోండులకు లావణీ పట్టాలిచ్చి కొంత ప్రాయశ్చిత్తము చేసికొనెను. అడవిని కాపాడినవారిపై పన్ను వేసి, అడవిని కాపాడుచున్నామని చెప్పుకొనుట ఎంతమాత్రమును న్యాయము కాదని ఆ రక్తపాతము నిరూపించినది. బీడును రక్షించు ఏ పథకమైనను ఈ పాఠమును విస్మరింపరాదు.

1948 సెప్టెంబరులో నైజాము పాలన ముగిసినది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యెను; 1954 నాటి చట్టముతో ఇనాములు రద్దయ్యెను, ధార్మిక సంస్థల ఇనాములను మాత్రము దానినుండి మినహాయించిరి. జాగీర్ల రద్దును నేను మనఃపూర్వకముగ సమర్థింతును. వెట్టి చేయించిన గడీలు కూలినందుకు విచారించువాడు ఈ సీమ నెరుగనివాడు. అయితే గడీతోపాటు గడీ కురణమునకు కాపలాయు పోయెను, దాని స్థానమున మరియొక కాపలా పుట్టలేదు. ఆ కాలపు ఆలోచనయంతయు ఆహారధాన్యములను పెంచుటపైననే యుండెను. పొరుగు బొంబాయి రాష్ట్రమున 1948 నాటి కౌలుదారీ చట్టము, రెండేండ్లు వరుసగా సాగుచేయని భూమిని ప్రభుత్వము తన నిర్వహణములోనికి తీసికొనవచ్చునని శాసించెను. మొగలుల నాడు దున్నినవానికి తగ్గింపు. వింగేటు నాడు దున్ననివానికి దండుగ. ఇపుడు దున్ననివాని చేతినుండి భూమియే పోవునని బెదిరింపు. మూడువందల యేండ్లు ఒకే దిక్కునకు త్రోసిన త్రోపు ఇది.

ఇంతలో గైరానుల ప్రశ్న మరియొక రూపము దాల్చెను. మరాఠ్వాడా దళితులలో పెక్కుమందికి సొంత భూమి లేకుండెను. ఊరి పొలమెల్ల పాటీళ్లది, దేశ్‌ముఖులది. సర్కారు బంజరును, గైరానును దున్నుకొని బ్రతుకుడని అంబేద్కరు అనుయాయులు బోధించిరి. దాదాసాహెబు గాయక్వాడు నాయకత్వమున 1959లోను, 1964లోను భూమి సత్యాగ్రహములు సాగెను, వేలాదిగ స్త్రీపురుషులు చెఱసాలలకు వెళ్లిరి. 1991 నవంబరులో మహారాష్ట్ర ప్రభుత్వము, 1990 ఏప్రిలు 14 వరకు దళితులును గిరిజనులును చేసిన గైరాను సాగును క్రమబద్ధము చేయుటకు ఉత్తరువు వెలువరించెను. ఆ తేదీ అంబేద్కరు శతజయంతి సంవత్సరపు జన్మదినము. గైరాను తరిగెనని ఈ పేదలను నిందించువారిని నేను అంగీకరింపజాలను. తాతముత్తాతలనుండి ఊరి నేలలో సెంటు వాటా లేనివాడు రాళ్లమిట్టపై రెండెకరములు దున్నుకొన్నచో, ఆ నేరము నేలను ముందే పంచుకొన్నవారిది. ఐనను ఊరి పేద గొల్లలు, ధన్‌గరులు, లంబాడీలు మేపు భూమిని కోల్పోయిరి. ఒక పేదవాని యన్నము మరియొక పేదవాని గడ్డిలోనుండి తీయవలసి వచ్చుట, నలుబది యెకరముల రేగడి గలవాని నంబరు చెక్కుచెదరక నిలుచుట, మన భూసంస్కరణముల వైఫల్యములలో మిక్కిలి బాధాకరమైనది.

గ్రామముల ఉమ్మడి భూములను ఆక్రమణములనుండి విడిపించి గ్రామములకు తిరిగి యిప్పింపవలెనని సుప్రీముకోర్టు 2011 జనవరిలో జగపాల్ సింగు వ్యాజ్యమున ఆదేశించినది. ఆ తీర్పే భూమి లేని దళితులకును గిరిజనులకును ప్రభుత్వము పట్టాగా నిచ్చిన సందర్భములను మినహాయించుట సమంజసముగ నున్నది. మహారాష్ట్ర భూమి శిస్తు స్మృతి 1966లోని 22వ విభాగము పశువుల ఉచిత మేపునకై భూమిని ప్రత్యేకించుట కవకాశ మిచ్చుచునే యున్నది. కాగా చట్టమున ఊరి ఉమ్మడి బీడునకు ఒక చోటు కలదు. లేనిది పట్టాదారుని సొంత బీడునకు.

ఇతర దేశములలో ఈ ప్రశ్న ఎట్లు పరిష్కృతమయ్యెనో చూతము. నాందేడు బొంబాయి రాష్ట్రమున చేరిన 1956లోనే అమెరికాలోని మేరీలాండు రాష్ట్రము, పట్టణములచుట్టునున్న పొలములకు ఇండ్లస్థలముల ధరననుసరించి గాక సేద్యపు విలువననుసరించియే పన్ను కట్టవలెనని చట్టము చేసినది. ఆ దేశమున అట్టి చట్టములలో అది మొదటిది. 1965లో కాలిఫోర్నియా, పది సంవత్సరములు భూమిని సేద్యమునకో బయలుగనో ఉంచెదనని ప్రభుత్వముతో ఒడంబడిక వ్రాసినవానికి పన్ను తగ్గించెను. 1980లో సమాఖ్య ప్రభుత్వము, ఇండ్లు కట్టు హక్కును ఒక సంస్థకు శాశ్వతముగ దానపత్రముతో వదలుకొన్న భూస్వామికి, ఆ త్యాగముచే భూమి ధర తగ్గినంత మొత్తమును ఆదాయమునుండి తీసివేయు సదుపాయమును స్థిరపరచెను. భూమి తన సొంతమై యుండును; కట్టడము మాత్రము కట్టరాదు. ఆ సదుపాయమును ధనికులు దుర్వినియోగము చేసిన సందర్భములును ఆ దేశమున లేకపోలేదు. అయినను మూలభావము గౌరవింపదగినది: కాపాడుటయు ఒక పనియే, దానికిని వేతనము కలదని ఒక ప్రభుత్వము ఒప్పుకొనుట.

ఆ చట్టములను ఉన్నవున్నట్లు తెచ్చి నాందేడున నాటుట కుదరదు. అచట పన్ను భూమి ధరననుసరించి పెరుగును గనుక తగ్గింపునకు బలముండును. ఇచట భూమి శిస్తు ఎకరమునకు కొద్ది రూపాయలే, దానిని మాఫీ చేసినను రైతునకు ఒక పూట కూలి మిగులదు. మనకు నిజమైన పన్ను రాయితీ మరియొక చోట నున్నది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము వ్యవసాయ ఆదాయమును పన్నునుండి విముక్తము చేసినది. పట్టణపు టెల్లకు నియతదూరము వెలుపల నున్న వ్యవసాయ భూమిని అమ్మినచో వచ్చు లాభమునకును పన్ను లేదు. జనసంఖ్య లక్షకు మించి పదిలక్షల లోపున్న పట్టణములకు ఆ దూరము 6 కిలోమీటర్లు. 2011 లెక్కలలో అయిదున్నర లక్షల జనముగల నాందేడు ఆ కోవలోనిదే. కాని సుప్రీముకోర్టు 1957లో నిర్ణయించిన సూత్రము ప్రకారము దున్నుట, నాటుట వంటి మూలక్రియలు లేనిచో వ్యవసాయము కాదు. తనంతట మొలచిన గడ్డియు చెట్టును దానిలో చేరవు. ఫలితమేమనగా, గోదావరి యొడ్డున పత్తి పండించి యొకనాడు స్థలముల వ్యాపారికి అమ్మినవానికి రెండు విధముల మాఫీ. గుట్టవాలును గడ్డికి విడిచి పది తరముల మన్నును నిలిపినవానికి ఏ మాఫీయు లేదు. ఇది అన్యాయము.

2008లో గురు గ్రంథసాహెబునకు గురుపదవి లభించి మూడువందల యేండ్లైన మహోత్సవము నాందేడున జరుగుటతో నగరము శీఘ్రముగ విస్తరించెను. సిక్కుల పుణ్యక్షేత్రమైన ఈ నగరమునకు దారులు వెడల్పగుట సంతోషదాయకము. ఆ దారులవెంట మిట్టలు చదునై, రాళ్లు పాతి, అంకెలు వేసిన స్థలములగుట మాత్రము చూడలేని దృశ్యము. కొత్త కట్టడములకు చదును చేసిన గుట్టనుండి దిగిన మట్టి వాగులను పూడ్చుచున్నది. వాన నీరు నిలువనిచో లోయలోని బావులు వేసవికి ముందే అడుగంటును.

కావున కోరదగినది పెద్దదేమియు కాదు. మహారాష్ట్ర ప్రభుత్వము సాత్‌బారాలో పంటల గడిలోనే గడ్డిని ఒక పంటగా గుర్తింపవలెను. వాలునేలను గాని వాగుగట్టును గాని పదేండ్లు దున్ననని గ్రామసభ యెదుట వ్రాసి యిచ్చిన సన్నకారు రైతునకు ఏటేట ఎకరమునకు ఇంత యని రొక్కముగ చెల్లింపవలెను. ఆ గడ్డిని కోసికొనుటకు ఊరి భూమిలేనివారికి హక్కుండవలెను. పెద్ద కమతముల వారికి ఈ సొమ్ములో వాటా యుండరాదు. పుల్లరి నాటి పొరపాటు మరల జరుగకుండుటకు నియమములు అడవిశాఖ గదులలో గాక ఊరి రచ్చలో తయారు కావలెను. రాష్ట్రపు టెల్లకు ఈవల బిచ్కుందలోను, ఆవల దెగ్లూరులోను భూములుగల తెలుగు రైతులు, ప్రభుత్వము మేల్కొనువరకు వేచియుండ నవసరము లేదు. మీ నంబరులోని పోట్ ఖరాబు ఎంతయో రెవెన్యూ దస్తరములలో చూచుకొని, ఈ తొలకరికి ఆ భాగమును ట్రాక్టరు దున్నకుండ చూడుడు. గ్రామసభలో మీ ఊరి గైరాను కొలతను చదివించి వినుడు.